ఒకే స్టెరాయిడ్ ఊపిరితిత్తుల్లో ఒకలా, కాలేయంలో ఇంకోలా ఎందుకు పనిచేస్తుంది?

మహదేవ్‌పూర్, చెన్నూరు అడవుల్లో నల్లమద్ది చెట్ల మీద పెంచే దసలి పట్టుపురుగు గుడ్డులోంచి బయటపడ్డాక నాలుగుసార్లు కుబుసం విడుస్తుంది. ప్రతిసారీ మేత మానేసి, కొమ్మను పట్టుకుని కదలకుండా ఉండిపోతుంది. పాత తోలు పగులుతుంది, ఇంకాస్త పెద్ద పురుగు బయటికొస్తుంది. ఐదో దశ ముగిశాక మాత్రం కథ మారుతుంది. పురుగు తన చుట్టూ పట్టుకాయ అల్లుకుని లోపల ప్యూపా అవుతుంది. నాలుగు కుబుసాలకూ, ఈ చివరి మార్పుకూ సంకేతమిచ్చే హార్మోన్ ఒక్కటే. దాని పేరు ఎక్డైసోన్. ఒంట్లో జువెనైల్ హార్మోన్ అనే ఇంకొకటి కూడా ఉన్నంతకాలం ఎక్డైసోన్ వచ్చినప్పుడల్లా పురుగు మళ్లీ పురుగుగానే కుబుసం విడుస్తుంది. అది తగ్గిపోయాక అదే ఎక్డైసోన్ వస్తే ప్యూపా తయారవుతుంది.

వరంగల్‌లో ఏ మెడికల్ షాపులోనైనా దొరికే డెక్సామెథసోన్, ప్రెడ్నిసోలోన్ అనే స్టెరాయిడ్ గోలీలు మనిషి ఒంట్లో పనిచేసే తీరు కూడా దీనికి చాలా దగ్గర. ఆ గోలీలను మన కణాల్లో అందుకునే ప్రొటీన్, పట్టుపురుగులో ఎక్డైసోన్‌ను అందుకునే ప్రొటీన్ ఒకే కుటుంబానివి. వీటిని న్యూక్లియర్ రిసెప్టర్లు అంటారు. ఒకే గోలీ ఉబ్బసం తగ్గిస్తుంది, షుగర్ పెంచుతుంది, ఎముకలను గుల్ల చేస్తుంది, ముఖం ఉబ్బేలా చేస్తుంది. ఇవన్నీ ఒకే రిసెప్టర్ ద్వారా జరిగేవే. కాబట్టి స్టెరాయిడ్ మంచిదా చెడ్డదా అని అడిగితే సూటి జవాబు దొరకదు. హార్మోన్ ఏ కణంలోకి వెళ్లింది, అక్కడ రిసెప్టర్‌కు తోడుగా ఏయే ప్రొటీన్లు ఉన్నాయి అన్న రెండు సంగతులే ఫలితాన్ని తేలుస్తాయి. ఆ తోడు ప్రొటీన్లనే కోఫ్యాక్టర్లు అంటారు. మందుల గురించి మనం మాట్లాడుకునేటప్పుడు వీటి ఊసే రాదు. కానీ అసలు నిర్ణయంలో సగం వీటి చేతిలోనే ఉంటుంది.

హార్మోన్ జన్యువు మీదే పనిచేస్తుందని మొదట కళ్లకు కనిపించింది పురుగుల్లోనే. 1954లో జర్మనీలో అడాల్ఫ్ బ్యూటెనాండ్, పీటర్ కార్ల్‌సన్ కలిసి 500 కిలోల పట్టుపురుగు ప్యూపాల నుంచి 25 మిల్లీగ్రాముల ఎక్డైసోన్ స్ఫటికాలు తీశారు. 1960లో కార్ల్‌సన్, ఉల్రిక్ క్లేవర్ ఆ పదార్థాన్ని దోమను పోలిన కైరోనోమస్ అనే కీటకం పిల్లపురుగులకు ఎక్కించారు. ఈ పురుగుల లాలాజల గ్రంథుల్లో క్రోమోజోములు చాలా లావుగా ఉంటాయి, మామూలు మైక్రోస్కోప్‌లోనే చారలు చారలుగా కనిపిస్తాయి. హార్మోన్ ఎక్కించిన కాసేపటికే క్రోమోజోమ్ మీద కొన్ని చోట్ల మాత్రమే ఉబ్బులు లేచాయి. అక్కడ జన్యువు విచ్చుకుని, దాన్ని చూసి ప్రొటీన్ తయారీకి నకలుగా వాడే ఆర్ఎన్ఏ తయారవుతోందన్నమాట.

తర్వాత 1970లలో మైకేల్ యాష్‌బర్నర్ పండ్ల ఈగలో ఇదే సంగతిని ఇంకా లోతుగా చూశాడు. ఎక్డైసోన్ తగలగానే అరడజను చోట్ల ఉబ్బులు వస్తాయి. గంటలు గడిచాక ఇంకో వందకు పైగా చోట్ల వస్తాయి. కొత్త ప్రొటీన్లు తయారు కాకుండా ఆపేసే మందు కలిపితే తొలి ఉబ్బులు మామూలుగానే వచ్చాయి, తర్వాతివి మాత్రం రాలేదు. అంటే హార్మోన్ నేరుగా కదిలించేది కొద్ది జన్యువులనే. వాటి నుంచి పుట్టిన ప్రొటీన్లు వెళ్లి మిగతా వందను కదిలిస్తాయి. మనిషిలో స్టెరాయిడ్ సూది వేసిన వెంటనే కాక కొన్ని గంటలకు గానీ దాని పూర్తి పనితనం కనిపించకపోవడానికి కారణం ఇలాంటి క్రమమే.

క్లేవర్ ప్రయోగం జరిగిన కాలంలోనే చికాగోలో ఎల్వుడ్ జెన్సన్ రేడియోధార్మిక హైడ్రోజన్ చేర్చిన ఈస్ట్రోజెన్ అనే స్త్రీ హార్మోన్‌ను ఆడ ఎలుకలకు ఇచ్చి, అది ఎక్కడెక్కడ నిలుస్తుందో వెతికాడు. గర్భాశయంలో అది గంటల తరబడి నిలిచిపోయింది, కండరాల్లో నిలవలేదు. పట్టుకునే ప్రొటీన్ ఏదో గర్భాశయ కణాల్లో ఉండాలి. ఆ ఊహ రుజువై, జన్యువుల స్థాయికి చేరడానికి పాతికేళ్లు పట్టింది. 1985లో రొనాల్డ్ ఎవాన్స్ బృందం మనిషిలో డెక్సామెథసోన్ లాంటి స్టెరాయిడ్లను అందుకునే గ్లూకోకార్టికాయిడ్ రిసెప్టర్ జన్యువును చదివింది. మరుసటి ఏడాది పియర్ షాంబో బృందం ఈస్ట్రోజెన్ రిసెప్టర్‌ది చదివింది. రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే అన్నదమ్ముల్లా ఉన్నాయి. థైరాయిడ్, విటమిన్ ఎ, విటమిన్ డి రిసెప్టర్లు కూడా ఆ ఇంటివేనని త్వరలోనే తేలింది. మనిషిలో ఈ కుటుంబానికి మొత్తం 48 మంది సభ్యులున్నారు. జెన్సన్, షాంబో, ఎవాన్స్‌లకు 2004లో వైద్య పరిశోధనకు ఇచ్చే లాస్కర్ అవార్డు ఇచ్చారు.

ఈ 48 ప్రొటీన్లూ దాదాపు ఒకే నమూనాలో ఉంటాయి. మధ్యలో డీఎన్ఏను పట్టుకునే భాగం, చివర హార్మోన్‌ను పట్టుకునే భాగం, మొదట్లో ఒక్కో రిసెప్టర్‌కు ఒక్కో తీరుగా ఉండే వదులైన తోక. డీఎన్ఏను పట్టుకునే భాగంలో రెండు జింక్ అయాన్లు ఉంటాయి. ఒక్కో జింక్‌ను నాలుగు సిస్టీన్ అమైనో ఆమ్లాలు నాలుగు వైపుల నుంచి బిగించి ఉంచుతాయి. ఆ బిగింపు వల్ల నిలబడిన చిన్న మెలిక డీఎన్ఏ గాడిలోకి దిగి అక్షరాలను తడిమి చూస్తుంది. వెతికే మాట పొడవు ఆరు అక్షరాలే. థైరాయిడ్, విటమిన్ ఎ, విటమిన్ డి రిసెప్టర్లు మూడూ ఏజీజీటీసీఏ అనే ఒకే మాటను చదువుతాయి. మరి ఒకదాని జన్యువు మీదకు ఇంకొకటి ఎందుకు వెళ్లదు? ఆ మాట డీఎన్ఏలో రెండుసార్లు వస్తుంది, తేడా అంతా రెండింటి మధ్య ఖాళీలోనే ఉంది. మూడు అక్షరాల ఖాళీ ఉంటే విటమిన్ డి రిసెప్టర్‌కు, నాలుగైతే థైరాయిడ్‌కు, ఐదైతే విటమిన్ ఎ నుంచి వచ్చే రెటినాయిక్ ఆమ్లం రిసెప్టర్‌కు అది సరిపోతుంది. 1991లో ఎవాన్స్ బృందం ఈ సూత్రాన్ని ప్రకటించింది. ఒక్క అక్షరం ఖాళీతో హార్మోన్లు వేరుపడటం ఈ కథలో అందమైన భాగాల్లో ఒకటి. ఈ మూడింటికీ జంటగా కూర్చునేది ఆర్ఎక్స్ఆర్ అనే మరో రిసెప్టర్. పట్టుపురుగులో ఎక్డైసోన్ రిసెప్టర్‌కు జంటగా కూర్చునేది కూడా ఈ ఆర్ఎక్స్ఆర్‌కు పురుగుల్లోని చుట్టమే.

హార్మోన్ రాకముందు ఈ రిసెప్టర్లు ఎక్కడుంటాయన్నది కూడా అన్నింటికీ ఒకటి కాదు. గ్లూకోకార్టికాయిడ్ రిసెప్టర్ కేంద్రకం బయట, హెచ్ఎస్‌పీ 90 అనే ప్రొటీన్ అండలో ఉంటుంది. స్టెరాయిడ్ తగిలాకే లోపలికి వెళుతుంది. థైరాయిడ్, రెటినాయిక్ ఆమ్లం రిసెప్టర్లు అలా ఎదురుచూడవు. హార్మోన్ ఉన్నా లేకపోయినా డీఎన్ఏ మీదే కూర్చుని ఉంటాయి. ఈ తేడా చిన్నదిగా కనిపిస్తుంది గానీ, దీని పర్యవసానం పెద్దది.

హార్మోన్ కూర్చునే భాగంలో పన్నెండు మెలికలున్నాయి. నడుమ నూనె పదార్థాలు ఇమిడే చిన్న గది ఉంటుంది. 1995లో ఈ భాగాల స్ఫటిక చిత్రాలు, అంటే ప్రొటీన్‌ను స్ఫటికంగా మార్చి దాని ఆకారాన్ని చూపే చిత్రాలు, వరసగా వచ్చాయి. ఖాళీగా ఉన్న ఆర్ఎక్స్ఆర్‌ది, హార్మోన్ నిండిన రెటినాయిక్ ఆమ్లం రిసెప్టర్‌ది, థైరాయిడ్ రిసెప్టర్‌ది. వాటిని పోల్చి చూస్తే పన్నెండో మెలిక చోటు మారినట్టు తేలింది. గది ఖాళీగా ఉంటే అది పక్కకు ఉంటుంది. హార్మోన్ వచ్చి కూర్చుంటే వచ్చి గదిని మూసేస్తుంది. అలా మూసుకున్నప్పుడు రిసెప్టర్ పైభాగంలో చిన్న గాడి ఏర్పడుతుంది. కోఫ్యాక్టర్ వచ్చి కూర్చునేది ఆ గాడిలోనే.

రిసెప్టర్‌తో పాటు ఇంకెవరో ఉండాలన్న అనుమానం అంతకు ఆరేళ్ల ముందే వచ్చింది. 1989లో షాంబో ప్రయోగశాలలో ఒకే కణంలో ఈస్ట్రోజెన్ రిసెప్టర్‌ను, ప్రొజెస్టరోన్ రిసెప్టర్‌ను కలిపి ఉంచి చూశారు. ఒకటి పనిలో ఉంటే రెండోదాని పని మందగించింది. రెండూ చదివే డీఎన్ఏ మాటలు వేరు కాబట్టి డీఎన్ఏ మీద పోటీ లేదు. రెండింటికీ అవసరమైన మూడో ప్రొటీన్ ఏదో కణంలో కొద్దిగానే ఉండి ఉండాలి, ఉన్నదాన్ని ఒకటి లాగేసుకుంటోంది. 1995లో హ్యూస్టన్‌లో బెర్ట్ ఓమాలీ బృందం అలాంటి ప్రొటీన్‌ను పట్టుకుని దానికి ఎస్ఆర్‌సీ-1 అని పేరు పెట్టింది. జన్యువును కదిలించేందుకు తోడ్పడేది కాబట్టి ఇది కో-యాక్టివేటర్. అదే ఏడాది దీనికి సరిగ్గా వ్యతిరేకంగా, హార్మోన్ లేని రిసెప్టర్‌ను పట్టుకుని జన్యువును అణచి ఉంచే ఎన్‌కార్, స్మర్ట్ అనే రెండు కో-రిప్రెసర్లు కూడా దొరికాయి.

ఇవి రిసెప్టర్‌ను పట్టుకునే తీరు దగ్గర్నుంచి చూడాల్సిందే. కో-యాక్టివేటర్లలో లూసిన్, మధ్యలో ఏవో రెండు, మళ్లీ వరసగా రెండు లూసిన్లు ఉండే ఐదు అమైనో ఆమ్లాల చిన్న ముక్క పదేపదే వస్తుందని 1997లో లండన్‌లో మాల్కమ్ పార్కర్ బృందం గుర్తించింది. ఈ ముక్క ఒక చిన్న మెలికగా చుట్టుకుని, మూడు లూసిన్లనూ గాడిలోకి దించుతుంది. గాడికి ఒక కొసన మూడో మెలికలోని లైసిన్, రెండో కొసన పన్నెండో మెలికలోని గ్లుటమేట్ ఉండి, దాన్ని రెండు చివర్లా బిగిస్తాయి. అంటే పన్నెండో మెలిక సరైన చోట లేకపోతే పట్టే దొరకదు. కో-రిప్రెసర్‌లోని ముక్క ఇంకాస్త పొడవు. పన్నెండో మెలిక అడ్డు లేనప్పుడే దానికి చోటు సరిపోతుంది. హార్మోన్ చేసే పని ఇంతే: ఒక మెలికను కాస్త జరిపి, ఒకే చోటికి పోటీ పడుతున్న ఇద్దరిలో ఒకరిని పంపించేసి ఇంకొకరిని రానిస్తుంది. మిగతాదంతా వచ్చినవాళ్లు చేసేదే.

వచ్చినవాళ్లు ఏం చేస్తారో తెలియాలంటే డీఎన్ఏ ఎలా ఉంటుందో గుర్తుచేసుకోవాలి. ఒక్కో కణంలో దాదాపు రెండు మీటర్ల డీఎన్ఏ ఉంటుంది. అదంతా మిల్లీమీటరులో నూరో వంతు కూడా లేని కేంద్రకంలో ఇమిడిపోవాలి. జమ్మికుంట జిన్నింగ్ మిల్లులో పత్తిని ప్రెస్సు కొట్టి బేలు కట్టినట్టు, హిస్టోన్ ప్రొటీన్ల చుట్టూ అది బిగదీసి ఉంటుంది. ఒక్కో హిస్టోన్ ముద్ద చుట్టూ 147 అక్షరాల డీఎన్ఏ చుట్టుకుంటుంది. హిస్టోన్ల తోకల్లోని లైసిన్‌లకు ధన విద్యుదావేశం, డీఎన్ఏకు రుణ విద్యుదావేశం ఉంటాయి. ఆ ఆకర్షణే బిగింపుకు బలం. ఎస్ఆర్‌సీ-1 తనతో పాటు సీబీపీ, పీ300 అనే ఎంజైమ్‌లను తీసుకొస్తుంది. ఇవి లైసిన్‌లకు అసిటైల్ అనే చిన్న రసాయన గుంపులు తగిలిస్తాయి. దాంతో ధన ఆవేశం పోతుంది, బిగింపు వదులవుతుంది, జన్యువు బయటపడుతుంది. ఎన్‌కార్ దీనికి ఎదురుపని చేస్తుంది. తన వెంట హెచ్‌డాక్-3 అనే ఎంజైమ్‌ను తెచ్చి ఉన్న అసిటైల్ గుంపులను కోసేయిస్తుంది. ఇవి కాక, కణానికి ఇంధనమైన ఏటీపీని ఖర్చుపెట్టి హిస్టోన్ ముద్దలను పక్కకు జరిపే యంత్రాలున్నాయి, ఆర్జినైన్‌లకు మిథైల్ గుంపులు తగిలించే ఎంజైమ్‌లున్నాయి. జన్యువు విచ్చుకున్నాక చదవడానికి ఆర్ఎన్ఏ పాలిమరేజ్ రావాలి. దాన్ని రిసెప్టర్‌తో కలిపే వంతెన పని మీడియేటర్ అనే పెద్ద ప్రొటీన్ సమూహానిది.

ఈ వంతెన కథలో ఒక తెలుగువాడి కృషి ఉంది. ఉస్మానియా మెడికల్ కాలేజీలో చదివి అమెరికా వెళ్లిన జనార్దన్ రెడ్డి, కొలెస్ట్రాల్ తగ్గించే కొన్ని మందులు ఎలుకల కాలేయంలో పెరాక్సిసోమ్‌లు అనే సూక్ష్మ భాగాలను విపరీతంగా పెంచుతాయని ఏళ్ల తరబడి పరిశోధించారు. ఆ మందులను అందుకునే రిసెప్టర్ 1990లో దొరికినప్పుడు దాని పేరు కూడా ఆ పెరాక్సిసోమ్‌ల మీదుగానే వచ్చింది. అదే పీపార్. షుగర్‌కు వాడే పయోగ్లిటజోన్ పనిచేసేది ఈ ఇంట్లోని ఇంకో సభ్యుడి మీద. 1997లో నార్త్‌వెస్టర్న్ విశ్వవిద్యాలయంలో జనార్దన్ రెడ్డి బృందం పీపార్‌ను అంటిపెట్టుకునే పీబీపీ అనే ప్రొటీన్‌ను వేరు చేసింది. మీడియేటర్‌లో న్యూక్లియర్ రిసెప్టర్లను పట్టుకునే కీలకమైన ప్రొటీన్ అదే. ఇప్పుడు దాన్ని మెడ్-1 అంటున్నారు. ఈ జన్యువు లేని ఎలుక పిల్లలు తల్లి కడుపులోనే, పదకొండు పన్నెండు రోజులకే చనిపోతాయి. రిసెప్టర్లన్నీ సవ్యంగా ఉన్నా ఒక్క కోఫ్యాక్టర్ లేకపోతే ప్రాణమే నిలవదని దీనివల్ల తెలిసింది. మన వైద్య విద్యార్థులకు జనార్దన్ రెడ్డి పేరు పాఠంలోనే తెలియాలి.

దసలి పురుగు విషయం కూడా ఇక్కడ అర్థమవుతుంది. ఎస్ఆర్‌సీ కుటుంబానికి పురుగుల్లో ఉన్న చుట్టం పేరు తైమన్. అది ఎక్డైసోన్ రిసెప్టర్‌కూ తోడవుతుంది, జువెనైల్ హార్మోన్‌ను అందుకునే ప్రొటీన్‌కూ తోడవుతుంది. రెండు హార్మోన్ల సంకేతాలూ కలిసే చోట్లలో ఈ కోఫ్యాక్టర్ ఒకటి. టెబుఫెనోజైడ్ లాంటి పురుగుమందులు ఎక్డైసోన్‌లా నటించి, గొంగళిపురుగుల రిసెప్టర్‌ను గట్టిగా పట్టుకుంటాయి. దాంతో పురుగు వేళ కాని వేళ కుబుసం విడవబోయి చచ్చిపోతుంది. తేనెటీగల మీద వీటి ప్రభావం తక్కువ. కానీ దసలి పురుగు కూడా గొంగళిజాతిదే, కాబట్టి అలాంటి మందు గాలికి మద్ది చెట్ల మీద పడితే దానికీ అదే గతి.

ఇదంతా ఒకసారి జరిగి స్థిరపడే పని అనుకోకూడదు. 2000లో అమెరికాలో గోర్డన్ హేగర్ బృందం బతికున్న కణాల్లో, మెరిసేలా చేసిన గ్లూకోకార్టికాయిడ్ రిసెప్టర్‌ను గమనించింది. అది డీఎన్ఏ మీద కొద్ది సెకన్లే ఉండి వెళ్లిపోతోంది, ఇంకొకటి వచ్చి కూర్చుంటోంది. పుస్తకాల్లో బొమ్మల్లా అన్నీ కలిసి కదలకుండా కూర్చున్న సభ అక్కడ లేదు.

ఇప్పుడు మందుల దగ్గరికి వద్దాం. రొమ్ము కేన్సర్ బయాప్సీ రిపోర్టులో ఈఆర్ పాజిటివ్ అని ఉంటే, ఆ కణితిలో ఈస్ట్రోజెన్ రిసెప్టర్ ఉందని అర్థం. అలాంటివాళ్లలో చాలామందికి టామాక్సిఫెన్ గోలీ ఏళ్ల తరబడి ఇస్తారు. అది ఈస్ట్రోజెన్ కూర్చునే గదిలోనే కూర్చుంటుంది. కానీ దానికి పొడవాటి కొమ్మ ఒకటి ఉంది. 1998లో వచ్చిన స్ఫటిక చిత్రంలో ఆ కొమ్మ పన్నెండో మెలికను తోసేసినట్టు కనిపించింది. తోసేసిన మెలిక తిన్నగా వెళ్లి కో-యాక్టివేటర్ కూర్చోవాల్సిన గాడిలోనే పడింది. ఇక కో-యాక్టివేటర్‌కు చోటు లేదు, కో-రిప్రెసర్లు వచ్చి చేరతాయి, రొమ్ములో కణితి పెరుగుదల ఆగుతుంది. అయితే ఇదే టామాక్సిఫెన్ గర్భసంచి లోపలి పొరను పెంచుతుంది. నెలసరి ఆగిపోయిన మహిళల్లో అక్కడ కేన్సర్ వచ్చే ముప్పును కొంత పెంచుతుంది కూడా. 2002లో మైల్స్ బ్రౌన్ ప్రయోగశాల దీనికి కారణం చూపించింది. గర్భసంచి కణాల్లో ఎస్ఆర్‌సీ-1 ఎక్కువ. గాడి మూసుకుపోయినా, రిసెప్టర్ మొదట్లో ఉన్న ఆ వదులు తోక ద్వారా అది వచ్చి చేరుతుంది. ఎస్ఆర్‌సీ-1ను తగ్గించేస్తే టామాక్సిఫెన్ ఆ పని చేయలేకపోయింది. మందు అదే, రిసెప్టర్ అదే, మారింది తోడున్న ప్రొటీన్ ఒక్కటే. టామాక్సిఫెన్ వాడేవాళ్లకు నెలసరి ఆగిపోయాక రక్తస్రావం కనిపిస్తే వెంటనే డాక్టర్‌కు చెప్పమనడం అందుకే.

స్టెరాయిడ్ల సంగతి ఇంతకంటే జటిలం, మన దగ్గర ఇంతకంటే అవసరం కూడా. మోకాళ్ల నొప్పులకనీ, ఆయాసానికనీ పల్లెల్లో సూదుల్లో, పొట్లం కట్టి ఇచ్చే గోలీల్లో ఇవి ఎంత తేలిగ్గా చేరిపోతాయో తెలిసిందే. తామరకనీ, ముఖం తెల్లబడటానికనీ పూసే క్రీముల్లోనూ ఉంటాయి. వాపును రేపే జన్యువులను నడిపించేది ఎన్ఎఫ్-కప్పాబి అనే ప్రొటీన్. గ్లూకోకార్టికాయిడ్ రిసెప్టర్ డీఎన్ఏను తాను పట్టుకోకుండానే ఈ ఎన్ఎఫ్-కప్పాబి మీద వాలి దాన్ని అణచేయగలదు. కాలేయంలో అదే రిసెప్టర్ డీఎన్ఏను నేరుగా పట్టుకుని గ్లూకోజ్ తయారుచేసే జన్యువులను లేపుతుంది. ఉపవాసం ఉన్నప్పుడు కాలేయంలో పీజీసీ-1 ఆల్ఫా అనే కో-యాక్టివేటర్ పెరుగుతుంది. ఈ రిసెప్టర్‌తో, ఇంకో రిసెప్టర్‌తో కలిసి అది గ్లూకోజ్ తయారీని ఎగదోస్తుంది. స్టెరాయిడ్ వేసుకున్నవాళ్లకు షుగర్ పెరగడం మందు దారి తప్పి చేసిన పని కాదు, కాలేయంలో ఆ హార్మోన్ సహజంగా చేసే పనే.

ఇలా రెండు దారులున్నాయని తెలియగానే, అణిచే దారిని మాత్రమే నడిపే స్టెరాయిడ్ తయారుచేస్తే దుష్ఫలితాలు ఉండవని చాలామంది ఆశపడ్డారు. 1998లో జర్మనీలో గుంటర్ షుట్జ్ బృందం తయారుచేసిన ఎలుకలు ఆ ఆశకు ఊపిరి పోశాయి. వాటిలో రిసెప్టర్ జంటగా డీఎన్ఏను సరిగా పట్టుకోలేదు, అయినా అవి బతికాయి, వాపును అణిచే పని చాలావరకు జరిగింది. తర్వాతి పరిశోధనల్లో విభజన అంత శుభ్రంగా లేదని తేలింది. వాపును తగ్గించే ప్రొటీన్లలో గిల్జ్, డస్ప్-1 లాంటివి స్టెరాయిడ్ నేరుగా లేపే జన్యువుల నుంచే వస్తాయి. ఎముక గుల్లబారడంలో అణిచే దారికీ పాత్ర ఉంది. ఎస్ఆర్‌సీ-1కు తోబుట్టువైన ఎస్ఆర్‌సీ-2 ఒక జన్యువు దగ్గర లేపడానికి, ఇంకో జన్యువు దగ్గర అణచడానికి ఉపయోగపడుతుంది. మేలు మాత్రమే చేసే స్టెరాయిడ్ ఇన్నేళ్ల తర్వాత కూడా షాపుల్లోకి రాకపోవడానికి పెద్ద కారణం ఇదే. దుష్ఫలితాలు లేని స్టెరాయిడ్ అని ఎవరైనా చెబితే నమ్మకూడదు.

కోవిడ్ ఈ సంగతిని బాధాకరంగా బయటపెట్టింది. 2020 జూన్‌లో బ్రిటన్‌లో కోవిడ్ రోగుల మీద మందులను పరీక్షించిన రికవరీ ట్రయల్ ఫలితాలు వచ్చాయి. రోజుకు 6 మిల్లీగ్రాముల డెక్సామెథసోన్, పది రోజుల వరకు. వెంటిలేటర్ మీదున్నవాళ్లలో మరణాలు మూడో వంతు తగ్గాయి, ఆక్సిజన్ మాత్రమే అవసరమైనవాళ్లలో ఐదో వంతు తగ్గాయి. ఆక్సిజన్ అవసరం లేనివాళ్లకు మేలేమీ కనిపించలేదు. ఊపిరితిత్తుల్లో ఎన్ఎఫ్-కప్పాబి చెలరేగుతున్నప్పుడు రిసెప్టర్‌కు అక్కడ అణచాల్సింది ఉంది. జబ్బు మొదటి రోజుల్లో ఉన్న మనిషిలో అది అణిచేది వైరస్‌తో పోరాడాల్సిన రోగనిరోధక శక్తిని, పెంచేది షుగర్‌ను. 2021లో రెండో వేవ్‌లో టెన్షన్‌తో చాలామంది ఇళ్లలోనే మొదటి రోజు నుంచి స్టెరాయిడ్ వేసుకున్నారు. షుగర్ అదుపు తప్పిన ఒంట్లో బ్లాక్ ఫంగస్‌కు దారి సులువైంది.

ఎక్కువకాలం వాడి ఒక్కసారిగా ఆపితే వచ్చే ప్రమాదం కూడా రిసెప్టర్ పనే. మెదడు అడుగున హైపోథాలమస్, పిట్యూటరీల్లో ఈ రిసెప్టర్, మన ఒంట్లో సహజంగా ఉండే స్టెరాయిడ్ అయిన కార్టిసాల్ తయారీకి ఆదేశమిచ్చే జన్యువులను అణిచేస్తుంది. బయటి నుంచి స్టెరాయిడ్ వారాల తరబడి వస్తుంటే ఆదేశం ఆగిపోతుంది, అడ్రినల్ గ్రంథి కుంచించుకుపోతుంది. గోలీ ఒక్కసారిగా మానేస్తే ఒంట్లో కార్టిసాల్ ఉండదు. బీపీ పడిపోయి ప్రాణం మీదికి రావచ్చు. డోసు మెల్లమెల్లగా తగ్గించడమంటే ఆ గ్రంథికి మళ్లీ పని అలవాటు చేయడం.

కార్టిసాల్ విషయంలో అతిమధురం గురించీ ఒక మాట. మూత్రపిండాల్లో ఉప్పును చూసుకునే మినరలోకార్టికాయిడ్ రిసెప్టర్ తన సొంత హార్మోన్ ఆల్డోస్టిరోన్‌ను ఎంత ఇష్టంగా పట్టుకుంటుందో కార్టిసాల్‌నూ అంతే ఇష్టంగా పట్టుకుంటుంది. రక్తంలో కార్టిసాల్ ఎన్నో రెట్లు ఎక్కువ. దాన్ని రిసెప్టర్ దాకా రానీయకుండా కార్టిసోన్‌గా మార్చే ఎంజైమ్ అక్కడ కాపలా ఉంటుంది. అతిమధురంలోని గ్లిసిరైజిన్ ఆ ఎంజైమ్‌ను ఆపుతుంది. దగ్గుకని రోజూ ఎక్కువగా నమిలితే బీపీ పెరిగి పొటాషియం తగ్గుతుంది.

పొద్దున్నే పరగడుపున థైరాయిడ్ గోలీ వేసుకునేవాళ్లు వరంగల్‌లో ప్రతి వీధిలోనూ ఉన్నారు. వీళ్ల రిసెప్టర్ డీఎన్ఏ మీదే కూర్చుని ఉండే రకం. హార్మోన్ లేకపోతే ఇది ఊరికే కూర్చోదు, ఎన్‌కార్‌ను పట్టుకుని జన్యువులను అణచి ఉంచుతుంది. ఎలుకల్లో చేసిన ఒక ప్రయోగం దీన్ని ఆశ్చర్యపడేలా చూపించింది. పాక్స్-8 జన్యువు లేని ఎలుకలకు థైరాయిడ్ గ్రంథి ఏర్పడదు, అవి పాలు విడిచే వయసులోనే చనిపోతాయి. వాటిలోనే థైరాయిడ్ రిసెప్టర్ ఆల్ఫాను కూడా తీసేస్తే బతికాయి. అంటే చంపింది హార్మోన్ లోటు మాత్రమే కాదు, హార్మోన్ లేక ఖాళీగా ఉండి జన్యువులను తొక్కిపెట్టిన రిసెప్టర్. పుట్టిన బిడ్డ మడమ నుంచి రక్తపు చుక్క తీసి థైరాయిడ్ పరీక్ష చేయడం, లోపం ఉంటే మొదటి వారాల్లోనే మందు మొదలుపెట్టడం ఎందుకంత ముఖ్యమో దీన్ని బట్టి తెలుస్తుంది. ఎదిగే మెదడులో ఆ అణచివేత ఒక్కో రోజూ నష్టమే. కొందరిలో థైరాయిడ్ రిసెప్టర్ బీటాలో పుట్టుకతోనే లోపం ఉంటుంది. హార్మోన్ వచ్చినా అది కో-రిప్రెసర్‌ను వదలదు. రక్తంలో హార్మోన్ ఎక్కువగా ఉన్నా, థైరాయిడ్‌ను పనిచేయమని పిట్యూటరీ పంపే టీఎస్‌హెచ్ తగ్గదు. రిపోర్టు చూసి థైరాయిడ్ ఎక్కువైందని పొరబడి వైద్యం చేసే ప్రమాదముంది.

కో-రిప్రెసర్‌ను వదిలించడమే వైద్యమైన జబ్బు ఒకటుంది. అక్యూట్ ప్రోమైలోసైటిక్ లుకేమియా అనే రక్త కేన్సర్‌లో 15, 17 క్రోమోజోముల ముక్కలు తారుమారవుతాయి. దాంతో రెటినాయిక్ ఆమ్లం రిసెప్టర్, పీఎంఎల్ అనే ప్రొటీన్‌తో అతుక్కుపోతుంది. ఈ అతుకు ప్రొటీన్ కో-రిప్రెసర్లను ఎంత గట్టిగా పట్టుకుంటుందంటే, ఒంట్లో మామూలుగా ఉండే రెటినాయిక్ ఆమ్లం వాటిని వదిలించలేదు. తెల్లరక్తకణాలు ఎదగకుండా మధ్యలోనే ఆగిపోయి పోగుపడతాయి. 1988లో షాంఘై వైద్యులు 24 మంది రోగులకు విటమిన్ ఎ రూపమైన ఏట్రాను ఎక్కువ డోసులో ఇచ్చారు. 23 మందికి అది ఒక్కటే సరిపోయి జబ్బు వెనక్కి తగ్గింది. కేన్సర్ కణాలను చంపకుండా, ఆగిన ఎదుగుదలను పూర్తిచేయించడం ద్వారా సాధించిన ఫలితమిది. కొద్దిమందిలో రిసెప్టర్ పీఎంఎల్‌తో కాక పీఎల్‌జెడ్ఎఫ్ అనే ఇంకో ప్రొటీన్‌తో అతుక్కుంటుంది. పీఎల్‌జెడ్ఎఫ్ తన సొంతంగానే కో-రిప్రెసర్లను పట్టుకుంటుంది, ఏట్రా దాన్ని కదిలించలేదు. వాళ్లకు ఆ మందు సరిగా పనిచేయదు. ఈ సిద్ధాంతానికి ఇంతకంటే గట్టి రుజువు మనుషుల్లో దొరకడం కష్టం.

ఇప్పుడు ఏట్రాతో పాటు ఆర్సెనిక్ ట్రయాక్సైడ్ ఇస్తున్నారు. ఆర్సెనిక్ పీఎంఎల్ భాగాన్ని పట్టుకుని అతుకు ప్రొటీన్‌నే నాశనం చేయిస్తుంది. రెండూ కలిసి ఈ జబ్బును ఎక్కువమందిలో పూర్తిగా నయమయ్యే స్థితికి తెచ్చాయి. నయం కాకుండా పోయేవాళ్లలో చాలామంది మొదటి రోజుల్లోనే, రక్తం గడ్డకట్టే శక్తి పోయి మెదడులోనో ఊపిరితిత్తుల్లోనో రక్తస్రావమై పోతారు. అందుకే రక్తపు స్లైడ్ చూసి అనుమానం రాగానే, జన్యు పరీక్ష ఫలితం కోసం ఆగకుండా ఏట్రా మొదలుపెట్టాలన్నది ప్రపంచమంతా పాటించే పద్ధతి. ఏట్రా నోటితో వేసుకునే క్యాప్సూల్. ములుగు నుంచో, భూపాలపల్లి నుంచో చిగుళ్లలో రక్తంతో, ఒంటిమీద నల్లమచ్చలతో వరంగల్‌కు వచ్చిన మనిషిని హైదరాబాద్‌కు పంపేలోపే దాని మొదటి డోసు వేయడం సాధ్యమే.